మగదో ఆడదో: జాన్ గూల్డు తెచ్చిన చిలుక

మన పట్టణములలో పంజరపు పక్షులమ్ము అంగడి ముందు బడిపిల్లలు గుమిగూడి నిలుచుట తరచుగ కనబడు దృశ్యము. పిడికిట ఇమిడిపోవు చిన్న చిలుకలు, ఆకుపచ్చనివి, పసుపుపచ్చనివి, నీలివి, ఒక కొయ్యపుల్లపై వరుసగా కూర్చుండి కిచకిచలాడుచుండును. అంగడివాడు వీనిని లవ్ బర్డ్స్ అని అమ్మును. నిజమునకు ఆ పేరు ఆఫ్రికాలోని వేరొక జాతి చిలుకలది. మనవారు దానిని ఈ చిలుకకు అంటగట్టినారు. దీని అసలు పేరు బడ్జరిగార్. ఆస్ట్రేలియాలోని గమిలరాయ్ జనుల మాటనుండి పుట్టిన పేరది. కొనవచ్చినవాడు మొదట ధర అడుగును. తరువాత, ఇందులో మగదేది, ఆడదేది అని అడుగును. జత కట్టి పెంచవలెనన్నవానికి ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. అంగడివాడు తడుముకొనక జవాబు చెప్పును. ఆరు నెలలు గడచిన తరువాత రెండును మగవే యని తేలుటయు కద్దు, రెండును గుడ్లు పెట్టుటయు కద్దు.

ఈ పక్షిని ప్రాణముతో ఇంగ్లండు చేర్చినవాడను ఖ్యాతి జాన్ గూల్డునకు దక్కినది. పక్షులను చూచి, జాతులు ఏర్పరచి, మగదానిని ఆడదానిని వేరు చేసి చెప్పుట యతని జీవితకాలపు వృత్తి. అయితే ఆ విద్యను అతడు నేర్చినది చచ్చిన పక్షులమీద.

గూల్డు 1804వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమునందలి లైమ్ రీజిస్ అను ఊర జన్మించెను. తండ్రి తోటమాలి. 1818లో ఆ తండ్రికి విండ్సరులోని రాజోద్యానమున పని దొరకగా, కుఱ్ఱవాడును అక్కడనే తోటపని నేర్వ మొదలిడెను. బడిచదువు స్వల్పము. కాని చెట్లలో గూళ్లు వెదకుట, గుడ్లకు చిల్లి చేసి లోని సొన ఊది తీయుట, పక్షి చర్మమును ఒలిచి దూది కూరి నిలబెట్టుట అతనికి చిన్ననాడే అబ్బినవి. అట్లు చేసిన బొమ్మలను దగ్గరనున్న ఈటన్ పాఠశాల విద్యార్థులకు అమ్మి చేతిఖర్చునకు సంపాదించుకొనెడివాడు. ఇరువదవ ఏట, 1824లో, అదే వృత్తిగా పెట్టుకొని లండను చేరెను. 1827లో అచ్చటి జంతుశాస్త్ర సంఘమువారు తమ మ్యూజియములోని పక్షులను, జంతువులను భద్రపరచు పని అతనికి ఒప్పగించిరి. ఈజిప్టు పాలకుడు ఇంగ్లండు రాజునకు కానుకగా పంపిన జిరాఫీ 1829లో చనిపోగా దానిని నిలబెట్టినవారిలో ఇతడును ఒకడు.

చర్మమొలుచు వానికి తక్కినవారికి లేని ఒక సౌకర్యము కలదు. పక్షి కడుపు కోసి చూచినచో అది మగదో ఆడదో సందేహమునకు తావుండదు. వెన్నెముకకు ఆనుకొని, మూత్రపిండముల పైకొనను, మగదానికి రెండు వృషణములుండును. ఆడదానికి సామాన్యముగ ఎడమవైపున మాత్రమే అండాశయముండును. పిల్లలు చేయు కాలమున ఇవి పెరిగి స్పష్టముగా కనబడును. పిల్లపక్షిలో ఆవగింజంతయై వెదకి పట్టుకొనవలసియుండును. చూచిన సంగతిని చీటీపై వ్రాసి పక్షికాలికి కట్టుదురు. ఆ చీటీ లేనిచో, లేక వ్రాసినవాడు అజాగ్రత్తపరుడైనచో, ఎంత పండితుడైనను ఊహకు దిగవలసినదే.

1829 జనవరిలో గూల్డు ఎలిజబెత్ కాక్సెన్ అను యువతిని పెండ్లాడెను. ఆమెదియు అతని వయస్సే. ఒక సంపన్నుల యింట పిల్లలకు చదువు చెప్పుచు కాలము గడుపుచున్నది. చిత్రలేఖనము తెలిసినది. మరుసటి యేడు హిమాలయ ప్రాంతములనుండి పక్షిచర్మముల మూట యొకటి గూల్డు చేతికి వచ్చెను. అట్టి సంపుటి అంతకుముందు ఇంగ్లండువారికి అరుదు. వీనిని బొమ్మలతో అచ్చు వేయవలెనని గూల్డునకు తోచినది. చదునైన రాతిపలకపై జిడ్డుకణికతో బొమ్మ గీసి, దానిపై కాగితమద్ది, ఒక్కొక్క ప్రతికి చేతితో రంగులు వేయు పద్ధతి అప్పుడు కొత్తది. రాతిపై ఎవరు గీయుదురని భార్య అడుగగా, నీవేనని భర్త చెప్పెనని ప్రతీతి. నూరు హిమాలయ పక్షుల ఆ గ్రంథముతోనే గూల్డు పేరు నిలిచినది. బొమ్మలన్నియు ఎలిజబెత్ గీసినవి.

గూల్డు తానుగా ఏ బొమ్మను చివరిదాక వేయలేదు. పక్షి నిలుచు తీరును, మెడ త్రిప్పిన వైఖరిని గబగబ నాలుగు గీతలలో సూచించి భార్యకిచ్చును. తక్కినది ఆమె పని. బొమ్మల క్రింద ఇద్దరి పేర్ల మొదటి యక్షరములును పడెడివి, ముందు భర్తవి, వెనుక భార్యవి. పనిలోని పాలు మాత్రము ఆ వరుసలో లేదు.

ఆ రోజులలోనే ఎడ్వర్డు లియర్ అను మరియొక చిత్రకారుడు గూల్డులతో కలిసి పనిచేసెను. పిల్లల హాస్యగీతములవలన తరువాత లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే. 1830లో, పదునెనిమిదేండ్ల వయస్సున, లియర్ చిలుకల బొమ్మలతో ఒక గ్రంథము ప్రారంభించినాడు. అతని పట్టుదల విచిత్రమైనది. చచ్చిన చిలుకను చూచి గీయనని, లండను జంతుశాలలోని పంజరముల ముందు కూర్చుండి, సేవకుని చేత పక్షిని పట్టించి, రెక్క పొడవు కొలిచి, కదలుచున్న దానినే చూచి గీసినాడు. కారణము లేకపోలేదు. ఎండిన చర్మములో ఈకల రంగు చాలకాలము నిలుచును. ముక్కు, కాళ్లు, కంటి చుట్టునున్న చర్మము, ఇవి మాత్రము ప్రాణము పోయిన కొలది దినములకే వన్నె తప్పును. చిలుకలలో చాలవాటికి గుర్తులుండునది అక్కడనే. లియర్‌కు గూల్డు నడవడి అంతగా నచ్చలేదు. తాను గీసినవానికి తగిన పేరు రాలేదను కొఱత అతనికి ఉండెను. అయినను అతని పనిలోని మెలకువలను ఎలిజబెత్ గ్రహించినది.

1834లో గూల్డు టూకాన్ పక్షులపైన, 1838లో ట్రోగన్ పక్షులపైన వేర్వేరు గ్రంథములు ప్రచురించెను. ఈ రెండు కుటుంబములును మన ప్రశ్నకు రెండు భిన్నమైన జవాబులు. టూకాన్లలో చాలవాటికి మగ ఆడ రంగులలో భేదము కనబడదు. ట్రోగన్లలో మగది మెరపులు చిమ్ముచుండ ఆడది మందపు వన్నెలతో, మరియొక జాతి పక్షియా యని భ్రమింపజేయును. ఇట్టి భ్రమ పండితులకును కలిగినది. న్యూగినీ ప్రాంతపు ఎక్లెక్టస్ చిలుకలలో మగది పచ్చన, ఆడది ఎఱ్ఱన. ఈ రెంటిని వేర్వేరు జాతులని సుమారు నూరేండ్లపాటు గ్రంథములలో వ్రాసిరి. 1870ల దశకమునగాని ఆ పొరపాటు దిద్దబడలేదు. పచ్చచిలుక ఒక దేశపుదనియు ఎఱ్ఱచిలుక ఒక దేశపుదనియు అనుకొన్నను కొంత మన్నింపవచ్చును. రెండును ఒకే చెట్టుపై కూర్చుండునవి!

1837 జనవరిలో చార్లెస్ డార్వినను యువకుడు ఓడ ప్రయాణమునుండి తెచ్చిన పక్షులు గూల్డు బల్లమీదికి వచ్చెను. అవి గాలపాగోస్ ద్వీపములవి. నల్లనివి కొన్ని, చారల గోధుమవి కొన్ని, లావు ముక్కువి, సన్నముక్కువి. డార్విను వీనిని పలు కుటుంబముల పక్షులనుకొనెను. వీనిలో నేలపై తిరుగు జాతులకు పెరిగిన మగది నల్లగనుండును. ఆడదియు పిల్లయు గోధుమ చారలతోనుండును. రంగును నమ్మినవాడు ఒకే జాతిని రెండుగా లెక్కించును. గూల్డు ముక్కు నిర్మాణమును పట్టుకొని, ఇవన్నియు దగ్గరి చుట్టములని, ఫించి పక్షులలో ఒక ప్రత్యేక వర్గమని కొలది దినములలోనే తేల్చి చెప్పెను. ఆ మాట డార్వినుని ఎంత దూరము నడిపించినదో లోకమెరుగును. గూల్డు మాత్రము పరిణామ సిద్ధాంతము జోలికి ఎక్కువగా పోలేదు. పక్షి చేతికి వచ్చినదా, జాతి ఏది, మగదా ఆడదా, బొమ్మ ఎట్లు, చందాదారులెందరు, ఇవియే అతని చింతలు. వ్యాపారము బాగుగా తెలిసినవాడు.

ఎలిజబెత్ సోదరులిద్దరు ఆస్ట్రేలియాలో స్థిరపడియుండిరి. వారు పంపిన పక్షిచర్మములను చూచిన కొలది, ఆ దేశపు పక్షులనుగూర్చి తెలిసినది స్వల్పమని గూల్డునకు తోచసాగెను. 1838 మే నెలలో దంపతులు ఓడ ఎక్కిరి. నలుగురు బిడ్డలలో చిన్నవారు ముగ్గురిని ఎలిజబెత్ తన తల్లికి ఒప్పగించి, పెద్దవానిని మాత్రము వెంటబెట్టుకొని పోయినది. నాలుగు నెలల ప్రయాణము. సెప్టెంబరులో టాస్మేనియా ద్వీపమునందలి హోబర్టు చేరిరి. గూల్డు అడవులు పట్టి తిరుగుచుండ, ఆమె గవర్నరుగారి యింట అతిథిగానుండి, వచ్చిన పక్షులను వచ్చినట్లు రంగులు మాయకముందే చిత్రించుచుండెను. 1839లో అక్కడనే మరియొక కుమారుడు కలిగెను. ఆ యేడే ఆ దంపతులు న్యూసౌత్‌వేల్సునందు ఆమె సోదరుని యింటికి పోయిరి.

ఆ డిసెంబరులో గూల్డు దేశములోపలి భాగమునకు, లివర్‌పూల్ మైదానముల ఉత్తరమునకు ప్రయాణించి, నది యొడ్డున పెద్ద యూకలిప్టసు చెట్ల తొఱ్ఱలనిండ ఈ చిన్న పచ్చ చిలుకలు గూళ్లు పెట్టుకొనియుండుట చూచెను. వానికి శాస్త్రనామము లేకపోలేదు. 1805లోనే ఇంగ్లండులో షా అను పండితుడు ఒక చచ్చిన పక్షిని చూచి, అలలవంటి చారలనుబట్టి, పేరు పెట్టియుండెను. గూల్డు చూచినవి వందలకొలది సజీవములు, గుంపులు గుంపులుగా నీటికి దిగునవి, మధ్యాహ్నపుటెండలో కొమ్మలపై జతలుగా కూర్చుండి చిన్న గొంతుకలతో పాడుకొనునవి. ఆ పాటను విన్నవాడు గనుకనే 1840లో ఈ జాతికి పాటచిలుక యను అర్థము వచ్చు మెలోప్సిట్టాకస్ అను గ్రీకు పేరు కల్పించెను.

పెరిగిన బడ్జరిగార్‌లో మగ ఆడ భేదము ఈకలలో లేదు. ముక్కు మొదట, నాసారంధ్రములను చుట్టి, మెత్తని చర్మపు పట్టె యొకటి యుండును. పక్షిశాస్త్రమున దీనిని సీర్ అందురు. మగదానికి ఇది నిండు నీలము. ఆడదానికి లేత గోధుమ. గుడ్లు పెట్టు కాలమున ముదురు గోధుమయై పెచ్చులు కట్టినట్లగును. ఇంతవరకు సులభమే. చిక్కంతయు పిల్లలలో.

గూడు విడిచిన పిల్లకు నుదుటిపై నల్లని సన్న చారలు ముక్కుదాక వచ్చియుండును. కన్నులు నల్లపూసలు, పెద్దవాని కంటిలో కనబడు తెల్లని వలయము ఇంకను ఏర్పడదు. మూడు నాలుగు నెలలకు తొలి ఈకలు రాలి, నుదురు చారలు పోయి పసుపగును. అమ్మకమునకు వచ్చునవి ఎక్కువగా ఈ లోపలివే. ఈ వయస్సున మగపిల్ల ముక్కుచర్మము నీలము కాదు; గులాబి కలిసిన ఊదా, అంచునుండి అంచుదాక ఒకే వన్నె. ఆడపిల్లది తెలుపు తిరిగిన లేత నీలము, నాసారంధ్రముల చుట్టు మాత్రము సన్నని తెల్లని వలయము. నీలము మగదాని గుర్తని ఎవరో చెప్పగా విన్నవాడు లేత నీలపు పిల్లను చూచి మగదనుకొనును, అది ఆడది. గులాబి వన్నెను చూచి ఆడదనుకొనును, అది మగది. అంగడివాని జవాబు తప్పుట మోసమువలననే కానక్కరలేదు. అతడును ఇట్లే భ్రమపడియుండవచ్చును. పగటి వెలుతురున పక్షిని ఎదుటికి తెచ్చి, మొత్తపు రంగును కాక రంధ్రపు అంచును చూడవలెను. తెల్లని వలయమున్నదా, ఆడదనుట మేలు. వన్నె అంతటను సమముగా నున్నదా, మగదనవచ్చును. అప్పటికిని తొలి ఈకలు రాలువరకు నిశ్చయముగా చెప్పరాదు.

ఈ నియమమునకు మినహాయింపులు కలవు. ఎఱ్ఱకన్నుల పసుపు రకములోను, తెల్లరకములోను, కొన్ని మచ్చల రకములలోను, మగది ఎంత పెరిగినను నీలము తిరుగదు. గులాబివన్నె అట్లే నిలుచును. ఇవి పంజరములలో మనుష్యుడు పెంచి తీసిన రకములు, గూల్డు చూచినవి కావు. ఆడపిల్ల గట్టిగా కొరుకునని, మగపిల్ల తల ఊపుచు వాగునని పెంపకందార్లు చెప్పుదురు. వాగుడు కొంతవరకు నిజము, కొరుకుట నమ్మదగినది కాదు. పిఱ్ఱ యెముకలు తడిమి చెప్పుదుమనువారు పిల్లపక్షి విషయమున తడుముట మానుట మంచిది.

ముక్కుచర్మమునకు ఈ రంగులెక్కడివి? శరీరములోని వృషణములు, అండాశయములు రక్తములోనికి విడుచు రసములే వీనికి కారణము. మగ బడ్జరిగార్‌కు వృషణమున ఒక విధమైన గడ్డ పుట్టి ఆడ రసములు ఊరినచో, నీలపు ముక్కు గోధుమకు తిరుగును. పక్షివైద్యులు ఆ రంగును చూచియే రోగమును అనుమానింతురు. అనగా చర్మమొలుచువాడు కడుపు కోసి వెదకు సంగతినే ఈ చిన్న పక్షి ప్రాణముతోనుండగా ముక్కుమీద చూపుచుండును. ఇప్పుడు అంతకంటె నిక్కమైన పద్ధతి యేర్పడినది. పక్షులలో ఆడదానికే రెండు విభిన్నమైన లింగ క్రోమోజోములుండును, మనుష్యులలోవలె మగవానికి కాదు. ఒక ఈకనుగాని రక్తపు బొట్టునుగాని పరీక్షించి దీనిని తెలిసికొను విధానము 1990ల దశకమున స్థిరపడినది. గూటిలోని పిల్లకును ఇది చాలును.

మన రామచిలుకకు ఈ ముక్కుగుర్తు పనికిరాదు. దానిలో మగదానికి మెడచుట్టు నలుపు, గులాబి కంటె యేర్పడును, అదియు సుమారు మూడవ యేట. అంతవరకు పిల్లలన్నియు ఆడవానివలెనే యుండును. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరము గనుక, ఆ పరీక్ష చెట్లపై నెగురువానికే చేయవలెను.

ఆస్ట్రేలియాలోనే గూల్డు మరియొక విచిత్రమును గమనించెను. అడవినేలపై పుల్లలతో పందిరులు కట్టి, ముందు నీలపు ఈకలు, గవ్వలు పరచు పక్షులు కలవు. ఇవి గూళ్లు కావని, మగపక్షి ఆడదానిని ఆకర్షించు క్రీడాస్థలములని లోకమునకు తెలిపినవారిలో గూల్డు ముందువాడు. పందిరులను చెక్కుచెదరకుండ లండనునకు మోయించెను. వీనిలో పట్టువన్నె జాతియందు పెరిగిన మగది నీలము మెరయు నలుపు, ఆడది పచ్చన. మగపిల్లయు ఏడవ యేడు వచ్చువరకు పచ్చగనే తిరుగును. పిల్లను ఆడదని పొరబడుటకు మూడు నెలలు కాదు, ఏడేండ్ల గడువు.

1840 ఆగస్టులో గూల్డులు ఇంగ్లండు చేరునప్పుడు వెంట ప్రాణముతో వచ్చినవి ఎలిజబెత్ సోదరుడు చార్లెస్ కాక్సెన్ చేతిమీద పెరిగిన బడ్జరిగార్లు. అంత దూరపు సముద్రప్రయాణమున అవి బ్రతికినవి. మరి కొలది యేండ్లలో ఐరోపా యిండ్లలో ఈ పక్షి లేని పంజరము అరుదైనది. ఎలిజబెత్ ఆస్ట్రేలియా పక్షుల బొమ్మల పనిలో కూర్చుండినది. ఎనుబదినాలుగు రాతిబొమ్మలు ముగించినది. 1841 ఆగస్టు 15వ తేదీన, ఎనిమిదవ బిడ్డను కన్న కొలది దినములకు, బాలింత జ్వరముతో మరణించినది. అప్పటికి ఆమెకు ముప్పదియేడేండ్లు. పదునొకండేండ్లలో ఆమె చేతిమీదుగా వెలువడిన బొమ్మలు ఆరువందలకు పైబడినవి. గ్రంథములు గూల్డు పేరుతోనే చెలామణి అయినవి.

తక్కిన బొమ్మలకు వేరొక చిత్రకారుని కుదుర్చుకొని, గూల్డు ఏడు సంపుటముల ఆస్ట్రేలియా పక్షుల గ్రంథమును 1848లో పూర్తి చేసెను. మరల పెండ్లాడలేదు. 1844లో ఆస్ట్రేలియా ఉత్తరభాగమునుండి వచ్చిన ఒక రంగురంగుల చిన్న పక్షికి భార్య పేరు పెట్టెను. గూల్డియన్ ఫించి అని నేడు పక్షి పెంపకందార్లందరును ఎరిగినది అదియే. దాని మగదానికి రొమ్ము ముదురు ఊదా, ఆడదానికి పలుచని ఊదా. పిల్లలు మాత్రము బూడిద కలిసిన పచ్చన, అన్నియు ఒక్కతీరే.

1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శన సమయమున గూల్డు తాను చేర్చిన వందలకొలది హమ్మింగ్ పక్షులను గాజుపెట్టెలలో అమర్చి చూపగా జనము విరగబడి వచ్చిరి. అప్పటికి అతడు ప్రాణమున్న హమ్మింగ్ పక్షి నొక్కదానిని చూచి యెరుగడు. 1857లో అమెరికాకు పోయినప్పుడే ఆ కోరిక తీరినది. 1881 ఫిబ్రవరి 3వ తేదీన లండనులో కన్నుమూసెను.

ఆస్ట్రేలియానుండి తెచ్చిన పక్షిచర్మములను అతడు బ్రిటిష్ మ్యూజియమునకు అమ్మజూపగా వారు కొనరైరి. 1847లో అవి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు చేరినవి. అచ్చటి శాస్త్రపరిషత్తు సొరుగులలో నేటికిని భద్రముగా నున్నవి. ఎండిన చిలుక చర్మమునకు ఈకల పచ్చదనము నిలుచునుగాని ముక్కుమీది వన్నె నిలువదు. అట్టివానిలో మగదేదో ఆడదేదో కాలికి కట్టిన చీటీ చెప్పవలసినదే.